అసలైన అద్దం

కారుకి ముందు పెట్టే అద్దాలు రెండూ బల్ల మీద పెట్టి, "ఏది వెయ్యాలో నువ్వే ఎంచు" అన్నాడు ఖాదర్ ఉస్తాద్. ఇందులో ఎంచడానికి ఏముందో పైడిరాజుకి అర్థం కాలేదు. అతను ఎప్పుడో ఎంచేసుకున్నాడు.

కారు డాక్టర్ వసుంధరది. పంతొమ్మిది వందల అరవై నాలుగులో వాళ్ల నాన్న కొన్న బండి. విశాఖపట్నం ఆటోనగర్‌లోని ఉస్తాద్ షెడ్డులో దాని తుప్పు వదిలింది, రంగు పడింది, ఇంజను గొంతు విప్పింది. మర్నాడు అరకులో పాత కార్ల పోటీ. డాక్టరమ్మ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, తనే నడుపుతూ ఘాట్ ఎక్కుతుంది. ముందు అద్దం ఒక్కటే మిగిలింది. సాయంత్రం బండి కోసం వస్తానంది.

ఆ షెడ్డులో అద్దం పెట్టడానికి ఒక పద్ధతి ఉంది. అద్దం చుట్టూ రబ్బరు బీడింగు తొడిగి, దాని గాడిలో ఒక తాడు దూర్చి, చట్రానికి ఆనిస్తారు. బయటినుంచి ఒకరు అదిమి పట్టుకుంటే, లోపల కూర్చున్నవాడు తాడు లాగుతాడు. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు అంచు చట్రం మీదికి ఎక్కి కూర్చుంటుంది. లాగేది ఎప్పుడూ ఉస్తాదే. ఆ తాడు ఆయన జేబులోనే ఉంటుంది. ఎవరి చేతికి ఇస్తే వాడికి పని వచ్చినట్టు. ఇక వాడు సొంత షెడ్డు పెట్టుకోవచ్చు.

పైడిరాజు పెళ్లికి ముందు పనిలో చేరాడు. ఇప్పుడు అతని కూతురు బడికి వెళ్తోంది. తాడు ఇంకా చేతికి రాలేదు. ఈరోజు వస్తుందని పొద్దున్నే భార్యతో చెప్పి మరీ వచ్చాడు.

"ఇదే, ఉస్తాద్" అన్నాడు, ఎడంపక్క అద్దం మీద చెయ్యి వేసి.

అది అతను వెతికి పట్టుకున్నది. రాజమండ్రిలో మూతబడిన విడిభాగాల కొట్టు అటక మీద, గడ్డిలో చుట్టి, ఎవరూ తాకకుండా పడి ఉంది. బండి పుట్టిననాటి అద్దం. కింది మూలన తయారీదారు ముద్ర చెక్కుచెదరలేదు. పోటీలో న్యాయనిర్ణేతలు ముందు చూసేది ఆ మూలే. రెండోది ఇప్పుడు కొలత ఇచ్చి చేయించింది. ముద్ర లేదు.

"అద్దంలోంచి చూపు?"

"రెండూ పట్టి చూశాను. తల అటూ ఇటూ తిప్పినా కరెంటు స్తంభం వంగలేదు. గీత లేదు, బుడగ లేదు. అంచులు కూడా చట్రానికి సరిపోయాయి."

"రాయి తగిలితే?"

ఇది కూడా పైడిరాజుకి కంఠస్థమే. "పాతది మొత్తం ఒక్కసారే పగుళ్లు పాకి తెల్లబడిపోద్ది. తర్వాత పప్పుబద్దల్లాగా రాలిపోద్ది. ఒంటికి గుచ్చుకోదు. కొత్తదాంట్లో రెండు పలకల మధ్య పొర ఉంటాది కాబట్టి, తగిలినచోటే సాలెగూడులాగా చిట్లుద్ది. మిగతా అంతా కనపడుద్ది."

"డాక్టరమ్మకి చెప్పావా?"

"ఆవిడ అసలైనదే కావాలన్నారు."

"అడిగింది అది కాదు."

పైడిరాజు గుడ్డ తీసుకుని పాత అద్దం మూల తుడవసాగాడు. ఉస్తాద్ చేతులు కడుక్కుని, భుజం మీది తెల్ల తువ్వాలుతో తుడుచుకుని, కారు ఎడంపక్క తలుపు తెరిచి కూర్చున్నాడు.

"తీ బండి."

"అద్దం పెట్టకుండానా?"

"నువ్వు ఎంచింది నా దగ్గరుందిలే. పోనీ."

షెడ్డు వెనక లారీలు నిలిపే పెద్ద ఖాళీ జాగా ఉంది. ఆ వేళకి లారీలు లేవు. జాగా చివర ఖాళీ డ్రమ్ములు గుట్టగా పేర్చి ఉన్నాయి. అద్దంలేని చట్రంలోంచి గాలి మొహానికి కొడుతోంది. ఇంజను హాయిగా పాడుతోంది. తన చేతిపని అది. పైడిరాజుకి కాస్త నవ్వొచ్చింది కూడా.

"మూడో గేరు" అన్నాడు ఉస్తాద్.

వేశాడు.

"ఇంకాస్త తొక్కు."

తొక్కాడు. డ్రమ్ములు పెద్దవవుతున్నాయి. కుడివైపు తిప్పుకోవడానికి చోటుంది, ఇంకొంచెం ముందుకెళ్లి తిప్పుదామనుకున్నాడు.

తెల్లగా అయిపోయింది.

ఉస్తాద్ తువ్వాలు విప్పి, రెండు చేతులా చట్రానికి అడ్డం పట్టాడు. గాలికి అది ఉబ్బి పైడిరాజు మొహానికి కరుచుకుంది. డ్రమ్ములు లేవు, జాగా లేదు, కుడీ ఎడమా లేవు. ఎటు తిప్పుతున్నాడో తెలియకుండా స్టీరింగు తిప్పి, బ్రేకు మీద నిలబడ్డాడు. చక్రాలు మట్టిలో జారాయి. బండి అడ్డం తిరిగి, కుదిపి, ఆగిపోయింది.

తువ్వాలు తీశాక చూశాడు. తనవైపు తలుపుకీ డ్రమ్ములకీ మధ్య మనిషి దూరేంత సందు లేదు.

"ఏటి ఉస్తాద్ ఇది, చంపేద్దామనా?" అని అరిచాడు.

ఖాదర్ ఉస్తాద్ తువ్వాలు మడత పెట్టుకుంటున్నాడు.

"తెల్లబడుతుందని ఇందాక నువ్వే చెప్పావు" అన్నాడు.

"చెప్పాను."

"ఇక్కడైతే బ్రేకు కొట్టాక కూడా కింద నేలుంది."

అంతే. దిగి, షెడ్డుకి నడిచి వెళ్లిపోయాడు.

పైడిరాజుకి అరకు ఘాట్‌లో కంకర లారీల వెనక పడి వెళ్లిన రోజులు, వాటిలోంచి ఎగిరిపడే రాళ్లు, రోడ్డు పక్కన లోయ గుర్తొచ్చాయి. తర్వాత బండిని నెమ్మదిగా, మొదటి గేరులోనే షెడ్డుకి తెచ్చాడు. పాత అద్దానికి పొద్దున్నే తొడిగి ఉంచిన బీడింగు ఊడదీశాడు. అద్దాన్ని గడ్డిలో పెట్టి చుట్టడం మొదలుపెట్టాడు.

డాక్టర్ వసుంధర వచ్చేసరికి సగం చుట్టాడు. ఆవిడ వంగి, మూలన ఉన్న ముద్రని వేలితో తడిమింది.

"ఇదేనా రాజమండ్రిలో దొరికింది? ఎంత బావుందో. అసలైనదే కదా, పైడిరాజూ?"

"అసలైనదే, మేడమ్" అన్నాడు. "అందుకే పెట్టడం లేదు. కూర్చోండి, చెప్తాను."

ఖాదర్ ఉస్తాద్ జేబులోంచి తాడు తీసి, కొత్త అద్దం పక్కన పెట్టి, టీ తాగడానికి బయటికి వెళ్లాడు.