దాలమ్మ పట్టిన గొడుగు

సముద్రం ఊరికి ఇంకా దూరంగా ఉన్న రోజుల్లో, ఉప్పుమళ్ళ పక్కన దాలమ్మ అనే ముసలామె ఉండేది. పేరున్న మనిషేమీ కాదు. ఉప్పు గీకేది, కుప్ప పోసేది, ఇంటికొచ్చి గంజి తాగేది. ఆమె కోడలు వరహాలు.

ఒక వేసవిలో వరహాలుకి ముక్కు మీద, బుగ్గల మీద ఎర్రగా కందింది. వేళ్ళ కణుపులు వాచాయి. తర్వాత జ్వరం. ఆ తర్వాత ఎవరూ లేని చోట ఎవరితోనో మాట్లాడడం మొదలుపెట్టింది. అన్నంలో విషం కలిపారని కంచం తోసేసేది.

కందిందీ వాచిందీ ఊరికి కనిపించలేదు. మాటలు మాత్రం బాగా వినిపించాయి. గాలి సోకిందన్నారు. ఆ ఊళ్ళో గాలికి ఒకటే మందు, మిట్టమధ్యాహ్నం ఉప్పుమడిలో కూర్చోబెట్టడం. ఉప్పుకీ ఎండకీ గాలి ఓర్చుకోలేదట. మనిషి ఓర్చుకోగలదా అని ఎవరూ అడగలేదు లెండి.

మొదటిసారి కూర్చోబెట్టారు. గాలి వదల్లేదు, జ్వరం పెరిగింది. రెండోసారి కూర్చోబెట్టారు. గాలి వదల్లేదు, పిల్ల లేవలేకపోయింది. రెండుసార్లూ రెక్క పట్టుకుని తీసుకెళ్ళింది దాలమ్మే.

ఆ సాయంత్రం కోడలి ఒళ్ళు తుడుస్తూ అడిగింది.

"నొప్పెక్కడే అమ్మా?"

వరహాలు చాలాసేపు అత్త ముఖం చూసింది.

"ఏళ్ళు సలుపుతన్నాయత్తా. నోరంతా పుళ్ళు. జరం కాసినప్పుడే ఆ గొంతులు ఇనబడతాయి."

మూడోసారి పొద్దుగూకేదాకా కట్టి ఉంచాలన్నాడు ఊరి భూతవైద్యుడు. అలా ఉంచితే పిల్ల దక్కదని దాలమ్మకు తెలిసిపోయింది. మగాళ్ళు వరహాలును మోసుకెళ్ళి మడిలో కూర్చోబెట్టారు. దాలమ్మ వెనకే వెళ్ళి, తాటాకు గొడుగు కోడలి మీద పట్టింది. ఆ గాలి నీకు పడుతుంది, తప్పుకోమన్నాడు భూతవైద్యుడు.

"పడితే పడనీ బాబూ. ముందు జరం సంగతి సూద్దాం. గాలి ఎక్కడికి పోద్ది?"

ఎవరో నవ్వారు. నవ్వాక తాడు బిగించడం కష్టం.

తాడు వదిలేసి వరహాలును ఇంటికి మోసుకొచ్చారు. దాలమ్మ కబురు పెడితే పక్క ఊరి వైద్యుడు వచ్చి కణుపులు నొక్కి చూశాడు. ఒంట్లో రేగిన జబ్బే తలకెక్కిందన్నాడు. మందిచ్చి, ఎండ తగలనివ్వొద్దన్నాడు. మెల్లగా వాపు తగ్గింది. జ్వరం తగ్గింది. గొంతులూ తగ్గాయి. ఒకరోజు పులుసులో ఉప్పెక్కువైందని వరహాలు అత్తను సాధించింది. దాలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని సంతోషంతో ఏడ్చింది.

జబ్బు పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడూ తిరగబెట్టేది. మళ్ళీ మందు, మళ్ళీ నీడ. అలాగే వరహాలు బతికింది, అత్తను సాగనంపింది.

దాలమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. ఆ ఊళ్ళో ఉప్పుమడిలో మాత్రం ఇప్పటికీ ఎవర్నీ కూర్చోబెట్టరు. ఎవరైనా తేడాగా మాట్లాడితే, వైద్యుడికి కబురు పెట్టి, ఇంటి పెద్దావిడ వాళ్ళను నీడలోకి తీసుకెళుతుంది. నొప్పెక్కడే అమ్మా అని అడుగుతుంది. అడిగి, జవాబు వచ్చేదాకా పక్కనే కూర్చుంటుంది.