సాయిలు మోకు

పరాంకుశం గారు జిల్లా ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజీ నేర్పేవారు. శిష్యుల ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అలవాటుకూ జబ్బుకూ హద్దు ఎక్కడుంటుందని నవనీత అనే శిష్యురాలు ఒకనాడు అడిగింది. మర్నాడు పొద్దున్నే తాటివనానికి రమ్మన్నారాయన.

సాయిలు గౌడ్ అనే గీత కార్మికుణ్ణి అతని భార్య భూలక్ష్మి ఆసుపత్రికి తీసుకొచ్చి అప్పటికి వారమైంది. తోటివాడు చెట్టు మీంచి పడిన నాటి నుంచి సాయిలు మోకును, అంటే నడుమును చెట్టుతో కలిపి కట్టుకునే తాడును, ఇరవైసార్లు లాగి చూసుకుంటున్నాడు, చెట్టు మాత్రం ఎక్కడం లేదు. రోజూ గెల చెక్కకపోతే చెట్టు కల్లు ఇవ్వదు. పున్నమిలోగా ఎక్కకపోతే అతని చెట్లు వేరేవాళ్ళకు ఇస్తామని గీత కార్మికుల సంఘం తేల్చేసింది. నవనీత తన కాగితంలో ఇరవై అని రాసుకుని, దాని కింద జబ్బు పేరు కూడా రాసింది.

వనంలో ముందుగా సంఘం పెద్ద నర్సాగౌడ్ మోకు కట్టాడు. గౌడుల దేవుడు కాటమయ్యను తలుచుకుని చెట్టుకు మొక్కాడు. మోకు లాగాడు, వెనక్కి వాలి చూశాడు, మళ్ళీ లాగాడు. నవనీత లెక్కపెట్టింది. ఇరవైరెండు.

"ఏం బిడ్డా, నాకు గూడ గోలీలు రాస్తవా?" అంటూ ఆయన ఉడతలా పైకి పోయాడు.

సాయిలు కూడా లాగాడు. ఇరవై అయ్యాక ఒక కాలు చెట్టుకు ఆనించి దించేశాడు. మళ్ళీ మొదటి నుంచి లాగాడు. ఎండ నెత్తికెక్కే వేళకు చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

"మోకు మంచిగనే ఉంది సారూ, నాకెర్కే. కాళ్ళే లేస్తలేవు."

నవనీత కాగితంలోని అంకె కొట్టేసింది. పరాంకుశం గారు సాయిలు పక్కన కూర్చుని, రేపు నాలుగడుగులు ఎక్కి దిగితే చాలన్నారు. పై పున్నమి దాకా ఆగుతామనీ, అందాకా అతని గెలలు తనే చెక్కుతాననీ నర్సాగౌడ్ ఒప్పుకున్నాడు. నవనీత రోజూ వచ్చి చెట్టు కింద నిలబడేది. డాక్టరమ్మకు కూడా ఒక మోకు కట్టాలని భూలక్ష్మి వేళాకోళమాడేది.

గడువుకు రెండు రోజుల ముందు సాయిలు గెల దాకా ఎక్కాడు. కల్లు దింపుకొచ్చి తాటాకు దొన్నెలో గురువుగారికి పోసి, పక్క చెట్టు దగ్గర మళ్ళీ మోకు లాగడం మొదలుపెట్టాడు. నవనీత ముఖం వాడిపోయింది. ఇంకా ఇరవైసార్లు లాగుతూనే ఉన్నాడని మెల్లగా గురువుగారికి చెప్పింది.

ఆయన దొన్నె దించి తలెత్తారు. సాయిలు అప్పటికే మట్టల్లో ఉన్నాడు.

"లాగనీ అమ్మా. పైకి పోయాడుగా."