గిన్నె మునిగేలోగా

ఈ కథ ఏ దారిన చేరిందో ముందుగా విన్నవించడం మర్యాద. విశాఖపట్నంలో ఒక కళాశాల కంప్యూటర్ విభాగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసిన భానోజీరావు గారు, తమ వీడ్కోలు సభలో ఉపన్యాసానికి బదులుగా దీనిని చెప్పారు. ఆ సభలో టీ అందిస్తున్న పైడమ్మ, "ఆ సల్లగదిలో కూకోని ఇన్నేళ్ళూ ఏటి సేసినారు బాబూ?" అని అడిగింది. సభ నవ్వింది. ఆయన నవ్వలేదు.

"తలుపు కాశానమ్మా," అన్నారు. "దాన్ని ఫైర్‌వాల్ అంటారు. యంత్రం గుమ్మంలో నిలబడి, వచ్చే ప్రతి మూటనూ ఆపి, రాసిపెట్టిన నియమం చూసి, రానివ్వడమో మానడమో. ఆ నియమాలు రాయడం నా పని. ఒకసారి తప్పు రాశాను. దాన్ని కథగా చెబితే నీకు తెలుస్తుంది, నాకు సిగ్గు తగ్గుతుంది."

ఆ రోజు అక్కడ కూర్చున్న గణితం లెక్చరర్ గారు దీనిని నాకు రెండు పర్యాయాలు, రెండు వేర్వేరు సంవత్సరాలలో చెప్పారు. రెండుసార్లూ మారకుండా నిలిచిన భాగాలే ఇక్కడ ఉన్నాయి.

నాలుగు బాటలు కలిసేచోట ఒక పట్టణం ఉండేది. దాని చుట్టూ గోడ, గోడకు ఒకే ద్వారం, ద్వారానికి ఒకే కావలిపెద్ద. ద్వారం లోపలి గోడకు ఒక పలక వేలాడేది. దాని మీద ఒకే వాక్యం ఉండేది: వచ్చినవారిని రానివ్వు.

కావలిపెద్ద ఎవరి మూటా విప్పేవాడు కాదు. మూటకు కట్టిన చీటీ మాత్రం చదివేవాడు. చీటీలో మూడే సంగతులు ఉండేవి: ఎక్కడి నుంచి, ఎవరికి, ఆ ఇంటికి ఎన్నో తలుపుకు. "లోపల ఏముందో దేవుడికెరుక, పైన ఏముందో నాకెరుక," అనేవాడు. ఆ పలక ఉన్నన్నాళ్ళూ అంతకు మించి పని లేదు.

ఒక వేసవిలో ధాన్యపు కొట్టుకు వచ్చిన మూటల్లో గింజలకు బదులు తేళ్ళు వచ్చాయి. మరునెల అద్దకపు వీధికి రంగుకు బదులు నిప్పు వచ్చింది. రాణి తన రాయసకాడిని పిలిపించింది. రాయసకాడంటే ఆ పట్టణంలో శాసనాలు రాసే ఉద్యోగి. దూరదేశపు పాఠశాలలో చదివినవాడు, చక్కని దస్తూరి గలవాడు. ఆ రెండు సంగతులూ తనకు బాగా తెలిసినవాడు.

"ఎవరు రావచ్చో ఎవరు రాకూడదో రాసి పెట్టు," అన్నది రాణి. "ఆ తరువాత ద్వారం నీ మాట వింటుంది, నా మాట కూడా కాదు."

ఆ పట్టణంలో ఒక ఆచారం ఉండేది. ద్వారశాసనం రాసేవాడు గోడ బయట కూర్చుని రాయాలి. పరాయివాడు గోడను ఎక్కడి నుంచి చూస్తాడో, రాసేవాడూ అక్కడి నుంచే చూడాలి. రాయసకాడు భార్యకు చెప్పి, నాలుగేళ్ళ కూతురి నెత్తి నిమిరి, బయటి రాతిబల్ల మీద మకాం పెట్టాడు. పది రోజులు వచ్చేవారినీ పోయేవారినీ చూశాడు. పదకొండో రోజు ఉదయానికి అయిదు తాటాకులు సిద్ధమయ్యాయి.

మొదటి నాలుగు ఆకులలో ఎవరు రావచ్చో ఉంది. నాలుగో ఆకులో తన పేరూ ఉంది. అయిదో ఆకు ఆయనకు అన్నిటికన్నా ప్రియమైనది. దానిని ఆరుసార్లు తిరగరాశాడు: పైన పేరు లేనివారు ఎవరైననూ రారాదు. వారి చేతి నుండి ఏదియూ పుచ్చుకొనరాదు. వారు పిలిచినచో పలుకనూ రాదు, ఏలయనగా గోడ వెనుక మనుషులున్నదీ లేనిదీ దొంగకు తెలియరాదు.

ద్వారానికి అరచేయంత కిటికీ ఒకటి ఉండేది. రాయసకాడు ముందుగా అయిదో ఆకునే అందులోంచి అందించాడు.

కావలిపెద్ద ఆకు చదివి, వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ చదివాడు. "బాబూ, ముందు ఇదా?"

"ముందు ఇదే. మొదట అంతా మూసెయ్యాలి, తరువాత కావలసినంత తెరవాలి. పద్ధతి అది."

"కట్టిన ఆకు కట్టినట్టే నడుస్తుంది. మిగతావి వచ్చేదాకా ఆగదు."

"ఏమోయ్, చదువుకున్నవాడికి వరస నేర్పుతావా?"

"వరస నాకేం తెలుసు బాబూ? కట్టమంటే కడతాను, విప్పమంటే విప్పుతాను."

కావలిపెద్ద పాత పలక దించాడు. అయిదో ఆకు కట్టాడు. కిటికీ మూసుకుంది.

రాయసకాడు నాలుగో ఆకు పట్టుకుని కిటికీ తట్టాడు. తెరుచుకోలేదు. మళ్ళీ తట్టాడు. అప్పుడు ఆయనకు నవ్వు వచ్చింది. పైన పేరు లేనివారి చేతి నుంచి ఏదీ పుచ్చుకోకూడదు. పైన ఏ పేరూ లేదు. తన పేరున్న ఆకు తన చేతిలోనే ఉంది.

"కావలిపెద్దా, పరిహాసం చాలు. తలుపు తియ్యి," అన్నాడు. జవాబు లేదు. ఆ నవ్వు కొంచెంసేపు ముఖం మీదే ఉండి, ఉండడానికి కారణం దొరకక జారిపోయింది.

ఇంతలో తూర్పుబాట మీద ఒక గాడిద వచ్చింది. దాని మీద మందులసంచితో ఒక ముసలి వైద్యురాలు. నాలుగు ఊళ్ళకు ఆమే దిక్కు. నోరు చేదు, చేయి తీపి అని ఆమెకు పేరు.

"ఇక్కడ కూర్చున్నావేమయ్యా?" అన్నది ఆమె. "మీ ఇంటి నుంచే పిలుపు. తెల్లవారేసరికి నీ కూతురికి గొంతు వాచి ఊపిరి ఆడటం లేదట. మీ ఆవిడ మనిషిని పంపింది; నువ్వు ఆకు మీంచి తల ఎత్తకపోతే నీ ముందు నుంచే పరుగెత్తి వచ్చాడట. పద, ఇంకా ఎంతోసేపు ఆగే జబ్బు కాదది."

రాయసకాడి చేతిలోని ఆకులు నేల మీద పడ్డాయి. ద్వారం మీద రెండు చేతులతో బాదాడు. తన పదవి చెప్పాడు. రాణి ఇచ్చిన ముద్రుంగరం కిటికీ ముందు పెట్టాడు. ద్వారం పలకలేదు.

"లోపల ఎవరూ లేరా ఏం?" అన్నది వైద్యురాలు.

"ఉన్నారు. పలకకూడదు."

"ఎవరన్నారు?"

"శాసనం."

"ఏ మహానుభావుడు రాశాడో?"

"నేనే."

వైద్యురాలు గాడిద మీంచి దిగి, దాని జీను వదులు చేసింది. "బాగా రాశావు నాయనా. చీమ కూడా దూరదు," అన్నది.

రాయసకాడు ద్వారానికి చెవి ఆనించాడు. అడుగుల చప్పుడు గానీ దగ్గు గానీ వినిపిస్తుందేమోనని చూశాడు. ఏమీ లేదు. ఆరుసార్లు తిరగరాసిన వాక్యం ఎంత పరిపూర్ణంగా పని చేస్తోందో ఆయనకు అప్పుడు తెలిసింది. కాదు పొమ్మన్నా బాగుండేది. కాదన్నవాడితో వాదించవచ్చు, కాళ్ళు పట్టుకోవచ్చు. మౌనానికి కాళ్ళుండవు.

చివరకు ఆయన పదవి మానేసి, శాసనం మానేసి, ద్వారానికి నుదురు ఆనించి కూతురి సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. దాని పేరు చెప్పాడు. మజ్జిగలో బెల్లం వేసుకుని తాగుతుందని చెప్పాడు. ఉరుము ఉరిమితే తన ఉత్తరీయంలో దూరుతుందని చెప్పాడు. ఎవరికి చెబుతున్నాడో ఆయనకు తెలియదు. వైద్యురాలు ముఖం పక్కకు తిప్పుకుంది.

అప్పుడు గడియ తీసిన చప్పుడు అయింది. ద్వారం రెండు తలుపులూ బార్లా తెరుచుకున్నాయి. కావలిపెద్ద పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. లోపలి గోడకు పాత పలక వేలాడుతోంది: వచ్చినవారిని రానివ్వు.

వైద్యురాలు జీను బిగించి, గాడిదనెక్కి వీధి పట్టింది. రాయసకాడు దాని వెనుక పరుగెత్తాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆమె పిల్ల గొంతు వాపు మీద చిన్న గాటు పెట్టి ఊపిరికి దారి చేసింది. సాయంత్రానికి పిల్ల మజ్జిగ అడిగింది.

మరునాడు ఉదయం రాయసకాడు ద్వారం దగ్గరికి వచ్చి, కావలిపెద్ద ఎదుట నేల మీద కూర్చున్నాడు. అంతవరకు ఆయన ఆ మనిషి ఎదుట ఎన్నడూ కూర్చోలేదు.

"ఎలా తెరిచారు?" అని అడిగాడు. ఆ ముసలివాణ్ణి మీరు అనడం అదే మొదటిసారి.

కావలిపెద్ద మూలనున్న నీళ్ళ తొట్టి చూపించాడు. అందులో అడుగున సన్నని బెజ్జమున్న రాగిగిన్నె ఉంది. "కొత్త ఆకు కట్టగానే ఖాళీ గిన్నెను నీళ్ళ మీద వదులుతాను. బెజ్జంలోంచి నీరెక్కి, ఒక గడియ కాలానికి మునుగుతుంది. ఈలోగా ఆకు రాసినవారు తమ కాళ్ళతో తాము లోపలికి నడిచివచ్చి, ఉండనీ అనాలి. రాలేకపోయారంటే ఆ ఆకులో ఏదో తప్పుంది. పాత పలక మళ్ళీ కడతాను."

"ఈ ఆచారం ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదు. నా పడుచుతనంలో ఒక రాయసం వారు మీలాగే బయట మిగిలిపోయారు. నేను ఆజ్ఞ తప్పలేదు. మూడు రోజులు తట్టారు. నాలుగో రోజు తట్టలేదు. ఆ తరువాత గిన్నె కొన్నాను."

"నిన్న నా మాటలు వినబడ్డాయా?"

"అన్నీ. మజ్జిగలో బెల్లంతో సహా."

"మరి వేలితో గిన్నెను ముంచవచ్చు కదా!"

"వేలు నీళ్ళదాకా పోయింది బాబూ. నిన్న మీ ఏడుపుకు ముంచితే, రేపు దొంగ ఏడుపుకూ ముంచాలి. ఏడుపులో తేడా నాకు తెలియదు, చీటీ చదివేవాణ్ణి. మునిగేదాకా ఈ తొట్టి పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాను. అంతకంటే నా చేతిలో లేదు."

రాయసకాడు ఆ మోకాళ్ళను ముట్టి కళ్ళకద్దుకున్నాడు. "హయ్యో, ఇదేం పని, వానకాలం నొప్పి పుట్టే మోకాళ్ళవి," అని కావలిపెద్ద వెనక్కి జరిగాడు. ఇద్దరూ నవ్వారు. రాయసకాడి నవ్వు తొందరగా వేరేదిగా మారింది. తలుపు తెరిచినందుకు మాత్రమే కృతజ్ఞత చెప్పాలని వచ్చినవాడు, అంతవరకు తెరవనందుకు కూడా చెప్పి లేచాడు.

ఆ రోజే రాణి ఇద్దరినీ పిలిపించింది. కట్టిన శాసనాన్ని స్వయంగా విప్పిన కావలివాడికి ఆ పట్టణంలో దేశబహిష్కారం శిక్ష. ఆ సంగతి తెలిసే అతడు గిన్నె కొన్నాడు.

"ద్వారం బార్లా తెరిచి ఉన్న సమయంలో ఎవరెవరు వచ్చారు?" అని రాణి అడిగింది.

"ఒక వైద్యురాలు, ఒక గాడిద, ఒక తండ్రి," అన్నాడు కావలిపెద్ద. "తండ్రి వచ్చాక వెంటనే మూశాను."

"ఎవరి ఆజ్ఞతో తెరిచావు?"

రాయసకాడు ముందుకు వచ్చాడు. "నా ఆజ్ఞతో, మహారాణీ. నేను రాయడం మరిచిన ఆజ్ఞ అది. నేను మరిచినదాన్ని ఈయన నలభై ఏళ్ళుగా పాటిస్తున్నారు. శిక్ష ఉంటే మరిచినవాడిదే." ఇలా అని, అక్కడే ఒక ఆకు తీసి గిన్నె ఆచారాన్ని శాసనంగా రాసి, రాణి ముద్ర కోసం నిలబడ్డాడు. రాణి ఆకును చదివింది. ముద్ర వేసింది.

గిన్నె ఆకు కాక, ఈసారి ద్వారానికి కట్టే ఆకులు అయిదు కాదు, ఆరు. వరస సరిచేసి, రాయసకాడు కొత్తగా మొదటి ఆకు రాశాడు: లోపలి నుంచి వెళ్ళిన పిలుపుకు బదులుగా వచ్చినవారిని ఆపరాదు. కావలిపెద్ద చదివి, తల ఆడించి, దానికి తన పద్ధతి ఒకటి చెప్పాడు. పిలుపు బయటికి వెళ్ళినప్పుడు తాడుకు ఒక ముడి. బదులు వచ్చినప్పుడు ఆ ముడి విప్పడం. ఏడాదికీ బదులు రాకపోతే, ఆ పిలుపు చచ్చినట్టే లెక్క, ముడి విప్పేయడం. రాయసకాడు దానినీ రాశాడు.

"అన్నిటికన్నా పైన మీ పేరు రాస్తాను," అన్నాడు రాయసకాడు. "మీరు ఎప్పుడు ఎక్కడి నుంచి వచ్చినా ఎవరూ ఆపకూడదు."

"వద్దు బాబూ. నా పేరు చీటీకి కట్టుకుని తేళ్ళు వస్తాయి."

ఇక ఎవరెవరు ఏమయ్యారంటే: వైద్యురాలు మరి పదమూడేళ్ళు బతికి, తన సంచి ఒక శిష్యురాలికి ఇచ్చి, నిద్రలో పోయింది. ఆ శిష్యురాలు రాయసకాడి కూతురే. గొంతు మీద గీత మానిన గుర్తుతో, నాలుగు బాటలూ తిరిగి వైద్యం చేసింది. రాణి ముసలిదై, రాజ్యం చెల్లెలి కొడుక్కి అప్పగించింది. గాడిద సంగతి ఎవరూ రాయలేదు.

కావలిపెద్ద తన డెబ్బయ్యో ఏట, మూడు రోజులు తట్టి నాలుగో రోజు తట్టని ఆ మనిషి ఊరు వెతికి, అతని వాళ్ళను క్షమాపణ అడిగి వస్తానని దక్షిణపు బాట పట్టాడు. రాయసకాడు పదవి వదిలి, అడిగి మరీ కావలి తీసుకున్నాడు. వెళ్తున్న ముసలివాణ్ణి తిరిగి రమ్మని కేకవేసి, తాడుకు ముడి వేశాడు. ఆ తరువాత ముప్పై ఏళ్ళు ద్వారం అతని చేతిలో ఉంది. అతడు ఒక్క నియమమూ తప్పలేదు.

కావలిపెద్ద తిరిగి రాలేదు. ఏటా గడువు నిండిన రోజున రాయసకాడు నియమం ప్రకారం ఆ ముడి విప్పేసేవాడు. విప్పి, మెల్లగా గోడ మెట్లెక్కి, దక్షిణపు బాట వైపు తిరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, గొంతెత్తి ఆయనను పిలిచేవాడు. కిందికి దిగివచ్చి, లోపలి నుంచి పిలుపు వెళ్ళింది గనుక, తాడుకు కొత్త ముడి వేసేవాడు.