పచ్చ అడిగిన చిలుక

“అడిగినవాళ్ళకి అడిగిన రంగు! పెద్దా చిన్నా తేడా లేదు. మాట తప్పితే మర్నాడు నేను లేవనే లేవను!”

ఒకప్పుడు, లోకమంతా పల్చటి గంజిలా వెలవెలబోతూ ఉన్న రోజుల్లో, సూర్యుడు కొండ మీద నిలబడి అందరి ముందూ అన్న మాటలివి. మాట తప్పాడు. మర్నాడు లేచాడు కూడా. లేవడమేమిటి, వెలిగిపోతూ లేచాడు!

రంగు తెచ్చుకునే పద్ధతి తేలికే. సూర్యుడు పంపే వెలుగులో రంగులన్నీ కలిసే ఉంటాయి. అది ఒంటిమీద పడగానే అక్కర్లేని రంగులు మింగెయ్యాలి. కావలసిన రంగు ఉమ్మెయ్యాలి. ఆ ఉమ్మింది వెళ్ళి ఎవరి కంట్లో పడితే, వాళ్ళకి మనం ఆ రంగులో కనిపిస్తాం.

“ఛీ, అందరి ముందూ ఉమ్మడమేమిటి?” అంది తామరపువ్వు.

“అయితే గంజిలాగే ఉండు,” అన్నాడు సూర్యుడు.

తామరపువ్వు సిగ్గుపడుతూనే గులాబీరంగు ఉమ్మింది.

ఒక జామచెట్టు ఆకుపచ్చ ఉమ్మింది. ఆ చెట్టు మీద కీరమ్మ అనే చిలుక ఉండేది. ఆకుల మధ్య గంజిరంగు కీరమ్మ గద్దకి కొట్టొచ్చినట్టు కనబడింది. గద్ద దూకింది. కీరమ్మ తప్పించుకుంది గానీ తోకలో ఈక ఊడింది.

“సూర్యం పెదనాన్నా! నాకూ పచ్చ కావాలి. తొందరగా! గద్ద నన్ను తినేసేలా ఉంది!”

“పచ్చ ఉమ్ము తల్లీ,” అన్నాడు సూర్యుడు, అటు తిరిగి అరటిపండుతో మాట్లాడుతూనే.

ఏ పచ్చ? ఆకుపచ్చా? పసుపుపచ్చా? అది మాత్రం చెప్పలేదు! అంత ఎత్తున కూర్చున్నవాళ్ళకి కిందివాళ్ళ ప్రాణమంటే అంత పరాకు! పాపం కీరమ్మ అరటిపండు వైపు చూసి, ఇదే కాబోలనుకుని పసుపుపచ్చ ఉమ్మింది.

“ఓహో, పులిహోర!” అంది గద్ద. దూకింది. ఇంకో ఈక పోయింది.

కీరమ్మకి ఒళ్ళు మండింది. చిటారుకొమ్మ ఎక్కి గొంతు చించుకుంది.

“దగా! పచ్చి దగా! రంగుల పంపిణీలో అన్యాయం నశించాలి! చిలుకల ఐక్యత వర్ధిల్లాలి!”

ఆ చెట్టు మీద చిలుక తనొక్కతే. అయినా ఐక్యతకి లోటు రాలేదు.

“ఇవాళ్టినుంచి సహాయ నిరాకరణ! ఒక్క రంగూ ఉమ్మను!” అంటూ వచ్చిన వెలుగంతా గుటుక్కున మింగేసింది. బొగ్గులా నల్లబడిపోయింది.

“అయ్యో, పులిహోర మాడిపోయిందే!” అంది గద్ద. “పోనీలే, అడుగంటినదే రుచి.” దూకింది.

“అయితే నీ రంగులన్నీ నీ మొహానే కొడతాను, పెదనాన్నా!” కీరమ్మ ఈసారి ఒక్కటీ మింగకుండా అన్నీ ఉమ్మేసింది. ధగధగా తెల్లబడిపోయింది.

“పెరుగన్నం!” గద్ద లొట్టలేసింది. “ఇది పడితే గానీ భోజనం ముగియదు.”

మళ్ళీ దూకింది. కీరమ్మ తోక దాదాపు బోడి అయింది. ఇంకొక్కసారి దూకితే తప్పించుకోవడం కల్ల. అప్పుడు జామచెట్టు మెల్లిగా అంది.

“ఏమే పిల్లా, నినాదాలు తర్వాత. నన్ను చూసి నేర్చుకో. ఎరుపు మింగు. నీలం మింగు. ఆకుపచ్చ ఉమ్ము.”

“ఒకరిని చూసి కాపీ కొట్టడం నా సిద్ధాంతానికి విరుద్ధం!”

“సిద్ధాంతాన్ని గద్ద పొట్టలోకి కూడా తీసుకెళ్తావా?”

కీరమ్మ తలెత్తి చూసింది. గద్ద రెక్కలు ముడిచి రాయిలా దిగుతోంది. కీరమ్మ గబగబా మింగింది, గబగబా ఉమ్మింది. తల, రెక్కలు, పొట్ట, మిగిలిన కాస్త తోక, అన్నీ ఆకుపచ్చ!

ముక్కు మాత్రం ఇంకా “విరుద్ధం! విరుద్ధం!” అని అరుస్తూనే ఉంది. ఆ అరుపుల హడావిడిలో అది ఎరుపు ఉమ్మేసింది.

గద్ద కొమ్మ మీద వాలి బిత్తరపోయింది. ఎటు చూసినా ఆకులే. ఆకుల మధ్య ఎర్రగా ఏదో ఒక్కటి.

“పెరుగన్నమేదీ? పండుమిరపకాయ ఒక్కటే మిగిలిందేమిటి? ఉత్త మిరపకాయ ఎవరు తింటారు!” అని గొణుక్కుంటూ ఎగిరిపోయింది.

సూర్యుడు ఇంతవరకూ క్షమాపణ చెప్పలేదు.

అప్పటినుంచే చిలుక ఒళ్ళు ఆకుపచ్చగా, ముక్కు ఎర్రగా ఉంటున్నాయి. అప్పటినుంచే పువ్వూ, పండూ, చీరా, చొక్కా, అన్నీ తమమీద పడిన వెలుగులో కొన్ని రంగులు మింగి, మింగనిది మన కంట్లోకి విసురుతున్నాయి. పొద్దు గూకితే విసరడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు. చీకట్లో కాకీ కొంగా ఒకటే.

అందుకే రోజూ సాయంత్రం చిలుకలు ఆకాశమంతా గోల చేస్తూ ఎగురుతాయి. అవి అడుగుతున్నది ఇదే: “సూర్యం పెదనాన్నా! రాత్రిళ్ళు మా రంగులు ఎక్కడికి పట్టుకుపోతున్నావు? మాఘశుద్ధ సప్తమి, అంటే నీ పుట్టినరోజైన రథసప్తమి, తెల్లారేలోగా మాకు జవాబు కావాలి!”