నీడ అంచున దాచిన గింజలు

ఒకప్పుడు నల్లమలలో చెట్లకి ఆకులు రాల్చడం తెలీదు. పుట్టిన ఆకు పుట్టినచోటే ఉండేది. ఆ ఆకుల బరువుకి కొండలు కూడా ఒక పక్కకి ఒరిగాయి.

అడవి నడుమ ఒక బయలు, బయల్లో ఒంటరిగా ఒక మద్దిచెట్టు. అందరూ మద్ది తాత అనేవారు. ఆయన ఎత్తు ఎంతంటే, పైకొమ్మ తేనెపట్టు నుంచి జారిన చుక్క నేలకి చేరేసరికి మూడు రోజులు పట్టేది.

ఆ చెట్టు మీద గోకురాయి అనే పిట్ట కాపురం. అప్పుడది ముక్కు నుంచి తోక దాకా తెల్లటి తెలుపు. తోక పొడవు చెప్పక్కర్లేదు. పిట్ట తూర్పు కొమ్మ మీద కూర్చుంటే తోక పడమటి కొమ్మ మీద ఆరేది.

వచ్చే వేసవికి పిల్లలు పుడతారని, గోకురాయి సారపండ్లు రాలినంతకాలం గింజలు ఏరింది. మిట్టమధ్యాహ్నం మద్ది తాత నీడ నేలమీద గుండ్రంగా పరుచుకునేది. ఆ నీడ అంచు వెంబడే ఒక్కో గింజా మట్టిలో గుచ్చింది.

ఉడుత చూసి నవ్వింది. "వదినా, నాలాగా తొర్రలో పెట్టుకోరాదూ? నేలలో దాస్తే ఆనవాలేముంటుంది?"

"తాత నీడ లేదూ? తొర్రలోకి దొంగ దూరతాడు మరదలా. నీడనెవడు ఎత్తుకుపోతాడు?"

ఆ మాటలో తప్పేమీ లేదు. అప్పటిదాకా అడవిలో ఎవరూ నీడని పోగొట్టుకోలేదు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. కృష్ణమ్మ ఎంత సన్నబడిందంటే చీమలు ఒక్క అంగలో దాటేవి. గాలి వీస్తే తేళ్ల తోకలు మాడిపోయేవి. గోకురాయి మూడు గుడ్లు పెట్టి వాటిమీద రెక్కలు పరుచుకుని కూర్చుంది. లేస్తే ఎండకి గుడ్లు ఉడికిపోతాయి.

అలా కూర్చునుండగా తాత దగ్గాడు. ఒక ఆకు రాలింది. అలాంటిది ఎన్నడూ చూడలేదని అడవి అడవంతా వచ్చి దాని చుట్టూ నిలబడింది. ఎలుగుబంటి ఆకుని వాసన చూసి భయపడి వెనక్కి తగ్గింది.

"ఏంటిది తాతా?" అంది గోకురాయి గూట్లోంచి.

"వేళ్లకి తడి అందడం లేదమ్మా. ఇన్ని ఆకులకి నీళ్లు పోయలేను. వదిలేస్తేనే నేను బతికేది."

"ఆకులు పోతే నీడ పోతుంది. నీడ పోతే గింజలు దొరకవు. నా పిల్లలేం తింటారు? గుడ్లు పగిలేదాకా పట్టుకో తాతా, నీ కాళ్లు పట్టుకుంటా."

"పట్టుకునే ఉన్నా తల్లీ," అన్నాడు తాత. నిజంగానే పట్టుకున్నాడు. పట్టుకునీ పట్టుకునీ ఆయన బెరడు మొసలి వీపులా పగిలింది.

మూడో గుడ్డు పగిలిన రోజే ఆఖరి ఆకులు రాలిపోయాయి. నేలమీద కొమ్మల గీతలు మిగిలాయి. నీడ అంచు ఎక్కడుండేదో ఎవరూ చెప్పలేకపోయారు.

"నీడనెవడు ఎత్తుకుపోతాడన్నావుగా వదినా," అంది ఉడుత. అన్నాక గూట్లోకి చూసి నాలుక కరుచుకుంది. తన తొర్ర గీకితే తొక్కలే వచ్చాయి. తల వంచుకుని ఏటివైపు వెళ్లిపోయింది.

గోకురాయి రాలిన ఆకుల్ని ఒక్కొక్కటీ తిప్పి చూసింది. తర్వాత ఒక ఉపాయం తోచింది. కొనకొమ్మకెక్కి, పోయిన ఆకుల బదులు తనే రెక్కలు చాపి నిలబడింది. కింద తన నీడ కనిపించింది. అక్కడే గింజ ఉందనుకుని రివ్వున దిగింది. తను దిగితే నీడా వెంటే కదిలింది. మళ్లీ ఎక్కింది. మళ్లీ దిగింది. రోజుకి నూరుసార్లు ఎక్కి దిగింది.

అంతలో ఎండుటాకులకి నిప్పంటుకుంది. బయలంతా కాలి, నేలంతా బొగ్గూ బూడిదా అయింది. గోకురాయి ఆ బొగ్గులోకి మెడదాకా తల దూర్చి తవ్వింది. కింది ఎర్రమన్నులో పొర్లి తవ్వింది. పొగకి గొంతు బొంగురుపోయింది.

గూట్లో ముందు పెద్దవాడు నోరు తెరవడం మానేశాడు. తర్వాత నడిపివాడు.

"అమ్మా, నీడ ఎప్పుడొస్తుందే?" అని చిన్నది అడిగేది.

బిడ్డ దగ్గర మాత్రం గోకురాయి ఆ పాడు గొంతుని ఎలాగో తీయగా చేసుకునేది. "రేపొస్తుందమ్మా."

రోజూ అడిగింది. రోజూ చెప్పింది. ఒకరోజు చిన్నది అడగలేదు.

ఆ మర్నాడే వాన పడింది. ఎంత వానంటే, కొండ మీది గుండ్రాళ్లు కూడా ఈత నేర్చుకున్నాయి.

వాన వెలిశాక గోకురాయి కిందికి చూసింది. తాత చుట్టూ గుండ్రంగా, వరుస తప్పకుండా, సార మొలకలు. తను తవ్విన గుంటలకి జానెడు అవతల.

ఏటి నుంచి తిరిగొచ్చిన ఉడుత అంది: "అడవి పెట్టావే వదినా."

గోకురాయి కిందికి దిగింది. ఒక మొలక పక్కన వాలింది. రెండాకుల కింద చిన్న నీడ పడింది, పిట్టపిల్ల పడుకునేంత. చీకటిపడి ఆ నీడ కనిపించకుండా పోయేదాకా దాన్నే చూసింది.

ఎన్ని వానల్లో తడిసినా దాని ఒంటి మీది మరక పోలేదు. అప్పటినుంచే గోకురాయి తల బొగ్గు నలుపు, ఒళ్లు ఎర్రమన్ను రంగు, రెక్కల మీద బూడిద పట్టీ, తోక చివర మసి. అప్పటినుంచే ఎండలు ముదిరితే మద్ది ఆకులు రాలుస్తుంది. గోకురాయి ఇప్పటికీ గింజలు దాస్తుంది. కొన్నింటి జోలికి మళ్లీ పోదు. అవి చెట్లవుతాయి. కొమ్మ మీద కూర్చుని గరగరా అరుస్తుంది. అరిచి అరిచి, ఉన్నట్టుండి గొంతు తీయగా చేసుకుని, ఎవరో అడిగినదానికి బదులిస్తున్నట్టు ఒక్క కూత కూస్తుంది.