ఎలుగుబంటికి కొండముచ్చు ఊపు

కొండ దిగువన మనుషులు ఎప్పుడో ఆడి వదిలేసిన గోల్ఫ్ మైదానం ఒకటుంది. వాళ్లు వెళ్లిపోయాక కర్రలూ బంతులూ జంతువులకు దక్కాయి. మైదానం పక్కనే నీటి ఊట, ఊట పక్కనే చల్లటి గుహ. ఎండాకాలం వస్తే ఆ గుహ కోసం ఏటా గొడవే. కొట్లాడి ఒళ్లు హూనం చేసుకునే బదులు ఆడి తేల్చుకుందామని చివరికి అందరూ ఒప్పుకున్నారు. తక్కువ దెబ్బల్లో బంతిని గుంతలో వేసినవాళ్లకే ఆ ఏడు గుహ.

వరసగా రెండేళ్లు ఎలుగుబంటి నల్లమ్మ గెలిచింది. ఒళ్లు బొద్దు, మెడ పొట్టి, నడుము తిరగదు. కాళ్లు ఎడంగా పెట్టి, కర్రను భుజం దాకానే ఎత్తి, రొమ్ము బలంతో కొట్టేది. బంతి పెద్ద ఎత్తుకేమీ లేవదు గానీ తిన్నగా పోయి గుంతలో పాతిన జెండా దగ్గర ఆగేది. ఈ ఏడు ఆమెకు ఇద్దరు పసిపిల్లలు. ఎండకు వాళ్లనెక్కడ దాచాలన్నదే ఆమె దిగులు.

ఈసారి ఆమెతో ఆడేది నక్క ఓబులేసు. ఆటకు నెల ముందే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అక్కా, చెబితే ఏమనుకుంటావో. నీ కొట్టుడు మరీ మోటుగా ఉంది."

"గెలుస్తున్నాను కదా తమ్ముడూ."

"రెండేళ్లు గెలిచావు. ఈసారి పిల్లల తల్లివి, ఓడితే ఎట్లా? కొండముచ్చు తిప్పన్నను చూడు. కర్ర వీపు వెనక దాకా పోతుంది, నడుము గిర్రున తిరుగుతుంది. అదీ ఊపంటే. నేను దగ్గరుండి నేర్పిస్తాలే."

పిల్లల మాటెత్తేసరికి నల్లమ్మ మెత్తబడింది. మర్నాటి నుంచి కర్రను వీపు వెనక్కి లేపడం, తిరగని నడుమును తిప్పడం. బంతి ఒకసారి పొదల్లోకి, ఒకసారి వాగులోకి. "అలవాటు పడాలక్కా" అనేవాడు ఓబులేసు. ఇరవై రోజులకు ఆమె నడుము పట్టేసింది. పిల్లలకు పాలివ్వడానికి పక్కకు ఒరగడం కూడా కష్టమైంది.

ఒక ఉదయం తిప్పన్న చెట్టు దిగి వచ్చాడు. "వదినా, నీకిదేం ఖర్మ?"

"నీ ఊపే నేర్చుకుంటున్నాను. ఓబులేసు నేర్పుతున్నాడు."

తిప్పన్న తన చేతులు చాపి చూపించాడు. "ఇవి మోకాళ్లు దాటుతాయి. నా నడుము తీగలాంటిది. అందుకే నాకీ ఊపు కుదిరింది. నీ బలమంతా భుజాల్లో, రొమ్ములో ఉంది. నీలాగా కొట్టబోతే నా బంతి పది అడుగులు పోదు."

నల్లమ్మ కర్ర కింద పెట్టింది. "అయితే ఓబులేసుకు ఈ సంగతి తెలియదా?"

"నీతో ఆడబోయేది అతనే కదా వదినా."

ఆమెకు అర్థమైంది. కోపం వచ్చింది గానీ పైకి అనలేదు. నాలుగు రోజులు నడుముకు విశ్రాంతినిచ్చింది. తరవాత ఓబులేసు చూస్తున్నప్పుడు అతను నేర్పినట్టే కొట్టి బంతులు పొదల్లో పడేసింది. అతను లేనప్పుడు మాత్రం కాళ్లు ఎడంగా పెట్టి తన పాత దెబ్బ సాధన చేసింది. గెలుపు చేతిలో ఉందన్న ధీమాతో ఓబులేసు కర్ర ముట్టుకోవడమే మానేశాడు.

ఆట రోజు మొదటి దెబ్బకు నల్లమ్మ నిలబడింది. కర్ర భుజం దాకానే లేచింది. బంతి తిన్నగా పోయి జెండాకు జానెడు దూరంలో ఆగింది.

తను ఎప్పటిలా కొడితే అంత దూరం పోదని ఓబులేసుకు తెలుసు. నెల రోజులుగా నేర్పిన ఊపే గుర్తొచ్చి, కర్రను వీపు వెనక్కి ఎత్తి గిర్రున తిరిగాడు. కాళ్లు మెలిపడి బోర్లాపడ్డాడు. బంతి వాగులో మునిగింది. నల్లమ్మ రెండో దెబ్బకు తన బంతిని గుంతలోకి నెట్టేసింది.

ఓబులేసు మట్టి దులుపుకుంటూ అడిగాడు. "ఈ దెబ్బ ఎప్పుడు నేర్చుకున్నావక్కా?"

"కొత్తగా ఏమీ నేర్చుకోలేదు తమ్ముడూ. నువ్వు నేర్పింది మానేశాను, అంతే" అని ఆమె పిల్లల్ని వెంటబెట్టుకుని గుహలోకి వెళ్లింది.

ఆట ఎవరి దగ్గర నేర్చుకున్నా, ఊపు మాత్రం మన ఒంటిని అడిగే ఎంచుకోవాలి.