మూసిన పెదవులు

జిలానీ పోలీసుల ల్యాబులో పనిచేసేవాడు. ఉమ్మి తడితో మనిషిని పట్టివ్వగలనని అతనికి గర్వం.

"డీఎన్‌ఏ అబద్ధం చెప్పదు హజ్రత్. తప్పు చెయ్యనివాడికి భయమెందుకు?" అని దర్గాలోని తన గురువు నూరుద్దీన్ షాతో అంటూ ఉండేవాడు. ఆయన నవ్వేవారు.

ఒక రాత్రి ఊళ్ళో నగల దుకాణం కాపలావాణ్ణి ఎవరో చంపారు. దర్గా వెనక గుడారాల్లో సవరాలమ్ముకునే వాళ్ళుంటారు. ఇన్‌స్పెక్టరు వాళ్ళ మగవాళ్ళందర్నీ వరసలో నిలబెట్టి, ఉమ్మి నమూనాలు తియ్యమని జిలానీని పిలిపించాడు.

సుంకులమ్మ అనే ముసలామె కొడుకుకి అడ్డంగా నిలబడింది.

"కేసు తేలినాక మావోళ్ళ ఉమ్మి పారేస్తారా సామీ?"

"లేదమ్మా. కంప్యూటర్లో వివరాలుంటాయి. రేపు ఇంకో నేరం జరిగితే పనికొస్తాయి."

"ఇంకా జరగని దానికి మావోళ్ళే దొరికినారా?"

జిలానీ నమూనాల పెట్టె తెరిచాడు. అప్పటికే గోల విని నూరుద్దీన్ షా అక్కడికి వచ్చారు.

"హత్యచోట వీళ్ళనెవరైనా చూశారా?" అని అడిగారు.

"లేదు హజ్రత్. అనుమానమంతే."

"ఊళ్ళో ఇంకెవరివైనా తీశారా?"

"లేదు."

ఆయన పెట్టెలోంచి దూది చుట్టిన పుల్ల ఒకటి తీసి జిలానీ ముఖం ముందు పెట్టారు.

"నోరు తెరువు."

జిలానీ పెదవులు వాటంతటవే బిగుసుకున్నాయి. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నాదెందుకు హజ్రత్? నేనేం చేశాను?"

సుంకులమ్మ అతని ముఖంలోకే చూస్తోంది. వరసలోని వాళ్ళూ చూస్తున్నారు. నూరుద్దీన్ షా పుల్లని కిందపడేసి, ఇన్‌స్పెక్టరు జీపుకీ ఆ వరసకీ మధ్య నేలమీద చతికిలబడ్డారు.

"లేవండి బాబా! ప్రభుత్వం పనికి అడ్డొస్తే లోపలేస్తాను!" అంటూ ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు.

"వెయ్యి నాయనా. చోటు చాలేట్టు చూసుకో."

సుంకులమ్మ వచ్చి ఆయన వెనక కూర్చుంది. ఆమె కొడుకు కూర్చున్నాడు. ఒక్కొక్కరే వరసంతా కూర్చుంది.

"ఏం చూస్తున్నావయ్యా జిలానీ? పని కానియ్!" అని ఇన్‌స్పెక్టరు అరిచాడు. "ఉద్యోగం చెయ్యాలనుందా, లేదా?"

జిలానీ పెట్టె మూసేశాడు. దాన్ని జీపు బానెట్ మీద పెట్టి, వెనక్కి నడిచి వచ్చి గురువుకి కాస్త ఎడంగా కూర్చున్నాడు.

ఆయన అటు తిరక్కుండానే అడిగారు.

"భయంగా ఉందా?"

"ఉంది హజ్రత్."

"అయితే ఇంకొంచెం దగ్గరికి జరుగు."